రైతు కుటుంబమునకు ఉపవృత్తిగా వెల్డింగు పని

మన కర్నూలు, కడప జిల్లాలలో మెట్టపొలమును మాత్రమే నమ్ముకొని సంసారము నీడ్చుట యెంత కష్టమో ఈ పత్రిక చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వాన యదనునకు వచ్చినయెడల వేరుశనగయో కొఱ్ఱయో చేతికి వచ్చును. రాకున్న విత్తనపు ఖర్చు సైతము మీదపడును. నల్లరేగడిలో పప్పుశనగ వేయువారి గతియు నేలలోని పదునును బట్టియే యుండును. అందుచేత అనేక కుటుంబములలో ఒకరు సేద్యము చూచుకొనుచుండగా మఱియొకరు నెలజీతమునకో దినకూలికో పోవుచున్నారు. ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములు, బేతంచెర్ల నాపరాతి పాలిషు కార్ఖానాలు, ముద్దనూరు దగ్గఱ 1994లో ఉత్పత్తి ప్రారంభించిన రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము మున్నగునవి యిట్టివారికి కొలువు నిచ్చుచున్నవి.

ఇట్లు పగలు కొలువు చేయువాడు, సాయంకాలములందును సెలవుదినములందును తన యూరనే చిన్న వెల్డింగు దుకాణము పెట్టుకొనుట లాభకరమా? లాభకరమే యని మా యభిప్రాయము. కాని అందులకొక నిబంధన కలదు. దుకాణమునకు ఉద్యోగమే మూలధనము. దుకాణము తన కూడు తాను సంపాదించుకొను వఱకు ఉద్యోగమును విడువరాదు. పెద్ద యప్పు చేయరాదు.

ఈ మాట నొక్కి చెప్పుటకు కారణము కలదు. మన సీమలో బోరుబావుల చరిత్ర మన మెఱుగనిది కాదు. నీరు పడక పూర్వమే అప్పుచేసి, ఒకటి యెండిన వేఱొకటి వేయించి, తుదకు బోరు అప్పునకై పొలము నమ్ముకొన్నవారిని మనము చూచియేయున్నాము. దుకాణమును బోరువలె వేయరాదు. చేతిబావివలె త్రవ్వవలెను. ఒక మట్టు దిగి, ఊట కనబడిన పిమ్మటనే మఱియొక మట్టు దిగవలెను.

పని యెచ్చట నున్నది

పూర్వము గ్రామమునకొక కమ్మరి కొలిమి యుండెడిది. మడక కఱ్ఱు సాగగొట్టుట, గుంటక పాసకు పదును పెట్టుట, బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగుట అతని పనులు. అందులకు ప్రతిఫలముగ రైతులు కళ్లములో అతనికి మేర కొలిచెడివారు. నేడు ఎద్దుల సేద్యము తగ్గి ట్రాక్టరు వచ్చినది. ట్రాక్టరు గొఱ్ఱు, కల్టివేటరు, రోటవేటరు, ట్రాలీ, నూర్పిడి యంత్రము, ఇవి విఱిగినప్పుడు కొలిమిలో అతుకుట సాధ్యము కాదు. విద్యుత్తుతో అతుకువాడు కావలెను.

విత్తనపు పదును నాలుగైదు దినములకంటె నెక్కువ నిలువదు. ఆ దినములలో గొఱ్ఱు విఱిగినచో, దానిని ఊడదీసి పట్టణమునకు కొనిపోయి, అచ్చట వంతు కొఱకు కాచి, తిరిగి తెచ్చుసరికి నేల యారిపోవును. అరగంట పనికి రెండు దినములు పోవును. రైతు పొలమునుండి వచ్చునది సాయంకాలము. కొలువు చేయువాడు ఇల్లు చేరునదియు సాయంకాలమే. ఆ రాత్రియే పనిముట్టు నతికి, తెల్లవాఱుసరికి పొలమునకు పంపగల్గువాడు పట్టణపు దుకాణముతో పోటీ పడనక్కఱలేదు. సాయంకాలపు దుకాణమునకు గల ముఖ్యబలము ఇదియే.

కావున మొదటి సంవత్సరము మరమ్మతు పనినే ప్రధానముగ నుంచుకొనవలెను. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రేకుల షెడ్లు పిమ్మట రావలెను. గేటు చేయుటకు ఇనుము ముందు కొనవలెను. డబ్బు తరువాత వచ్చును. మరమ్మతునకు ఇనుము తెచ్చువాడు రైతే. నీవు వ్యయపఱచునది రాడ్డు, కరెంటు, శ్రమ మాత్రమే. వైశాఖము మొదలు ఆషాఢము వఱకు గొఱ్ఱులు, గుంటకలు, కల్టివేటర్లు వచ్చును. శనగ విత్తుటకు ముందు మఱల వచ్చును. పంట నూర్పు కాలమున ట్రాలీలును నూర్పిడి యంత్రములును వచ్చును. ఎండకాలమున ఇండ్లు కట్టువారికి గేట్లు కావలసియుండును. నడుమ పని లేని నెలలును కలవు; వానిని ముందుగనే లెక్కలో వేసికొనవలెను.

మొదట నేర్చుకొనవలసినది

ఉక్కు కరగుటకు సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. రాడ్డు కొనకును ఇనుమునకును నడుమ పుట్టు విద్యుజ్జ్వాలలో వేడి అందులకు మూడింతలకు పైగా నుండును. ఆ వేడికి రాడ్డును, ఇనుపయంచులును ఒక్కసారిగ కరగి కలిసిపోవును. రాడ్డుపైనుండు పూత కాలి, గాలి సోకకుండ వాయువుగ చుట్టుకొనును. కొంత చిట్టెముగ మారి అతుకుపై కప్పుకొనును. స్వీడను దేశస్థుడగు ఆస్కార్ షెల్‌బెర్గు ఈ పూతరాడ్డుల విధానమును వృద్ధిచేసెను. ఆయన తన వెల్డింగు సంస్థను 1904లో స్థాపించెను. మన దేశమున సహకార పరపతి సంఘముల మొదటి చట్టము వచ్చినదియు ఆ సంవత్సరముననే.

పని చూచుటకు సులభము. చేయి కుదురుటకు నెలలు పట్టును. పైకి నున్నగ కనబడు అతుకు లోపల పట్టకయే యుండవచ్చును. ట్రాలీ కొక్కెము అట్టి అతుకుతో రోడ్డుపై ఊడినచో ప్రాణహాని కలుగును. ఐ.టి.ఐ.లలో వెల్డరు శిక్షణ ఒక సంవత్సరము. అంత తీరిక లేనివారికి బ్యాంకులు నడపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు కలవు. 1982లో కర్ణాటకమందలి ఉజిరెలో మొదలైన పద్ధతి ననుసరించి యివి జిల్లాలలో నెలకొల్పబడినవి. ఇచ్చట కొలది వారముల శిక్షణ ఉచితముగ నిత్తురు. ఏదియు కుదరనిచో అనుభవముగల పనివానియొద్ద ఆఱునెలలు ఆదివారములు పని చేయుట మేలు. నేర్చుకొనునపుడు అతికిన తునుకలను వైసులో బిగించి సుత్తితో విఱుగగొట్టి చూడవలెను. అతుకు ఊడివచ్చినచో పని యింకను రాలేదన్నమాట. ప్రక్కనున్న ఇనుము వంగి అతుకు నిలిచినచో చేయి కుదురుచున్నదన్నమాట.

ఇనుములన్నియు నొక్కటి కావు. గేటు, ట్రాలీ మున్నగువానిలోని మెత్తని ఉక్కునకు 6013 రకపు సాధారణ రాడ్డు చాలును. కమానుపట్టెలు, గొఱ్ఱు మొనలు, రోటవేటరు కత్తులు కఱకు ఉక్కు. వీనిని చల్లగ నున్నప్పుడే అతికి, వెంటనే నీళ్లలో ముంచినయెడల అతుకు ప్రక్కనే పగులును. ముందుగ కొంత వేడిచేసి, 7018 రకపు పొడి రాడ్డుతో అతికి, బూడిదలో కప్పి మెల్లగ చల్లార్చవలెను. వానకాలమున రాడ్డులు చెమ్మ పీల్చును గాన మూతగట్టి దాచవలెను. పోతయినుముతో చేసిన పంపు పెట్టెలకు నికెలు రాడ్డును మంచి యనుభవమును కావలెను. అవి లేనిచో ఆ పని నాచేత కాదని చెప్పుట గౌరవమే. ఇనుమును కాచి పదును పెట్టు విద్య కమ్మరికే బాగుగ తెలియును. గ్రామమున కొలిమి యింకను ఉన్నచో అతనితో పోటీకి దిగక జోడుగా పనిచేయుట ఇద్దఱికిని మేలు.

యంత్రము, విద్యుత్తు

వెల్డింగు యంత్రములు రెండు రకములు. పాత ట్రాన్స్‌ఫార్మరు యంత్రము బరువు, మొరటువాడకమునకు తాళును, కాని కరెంటు నెక్కువగ లాగును. ఇన్వర్టరు యంత్రము తేలిక. తక్కువ కరెంటు లాగును. భుజమున వేసికొని పొలమునకును పోవచ్చును. కాని దుమ్ము లోపల చేరినచో చెడును. ఒంటిఫేజు గల గ్రామములో మొదలుపెట్టువానికి 200 ఆంపియర్ల ఇన్వర్టరు యంత్రము చాలును. యంత్రము కొనునపుడు ఎంతసేపు నిలువక పనిచేయగలదో అడుగవలెను. 60 శాతమని వ్రాసియున్నయెడల, ఆ కరెంటు వద్ద పది నిమిషములలో ఆఱు నిమిషములు పని, నాలుగు నిమిషములు విశ్రాంతి యని యర్థము.

2.5 మి.మీ. రాడ్డునకు 60 మొదలు 90 ఆంపియర్లు, 3.15 మి.మీ. రాడ్డునకు 90 మొదలు 130 ఆంపియర్లు సాధారణముగ సరిపోవును. 3.15 రాడ్డు మండుచున్నప్పుడు యంత్రము సుమారు 3 కిలోవాట్లు లాగును. ఇంటి గోడలోని సన్నని తీగెలు దీనికి తాళవు. మీటరునుండి వేఱుగ 6 చదరపు మి.మీ. రాగితీగెను, తగిన స్విచ్చును, మంచి ఎర్తును, కరెంటు నేలకు కాఱినచో తానే తెగిపోవు రక్షకస్విచ్చును పెట్టింపవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక. మన రాష్ట్రమున 2004 నుండి సేద్యపు పంపులకు ఉచిత విద్యుత్తు ఇయ్యబడుచున్నది. ఆ మోటారు పెట్టెనుండి తీగె లాగి వెల్డింగు చేయుట కొన్నిచోట్ల అలవాటైనది. ఒక ప్రయోజనమునకు ఇచ్చిన విద్యుత్తును వేఱొకదానికి వాడినచో, 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను ననుసరించి రెండింతల ధర వసూలు చేయుదురు. ఇంటి మీటరుపై వ్యాపారము చేసినను ఇదియే వర్తించును. కావున మొదటనే విద్యుత్ పంపిణీ సంస్థవారికి దరఖాస్తు పెట్టి, పనికి తగిన కనెక్షను పొందవలెను.

పెట్టుబడి

ఈ దిగువ అంకెలు లెక్క చూపుటకు వేసికొన్నవి మాత్రమే. ధరలు ఊరికొకరీతిగ నుండును గాన ఎవరికివారు అంగడిలో విచారించి దిద్దుకొనవలెను.

యంత్రము, హోల్డరు, తీగెలు: రు. 12,000
ఇనుము కోయు కటింగు మిషను: రు. 8,000
చేతి గ్రైండరు: రు. 3,000
వైసు, బల్ల, సుత్తులు, మూలమట్టము: రు. 3,000
ముఖకవచము, తోలు తొడుగులు, ముందుతోలు: రు. 2,500
కరెంటు ఏర్పాటు, ఎర్తు: రు. 5,000
రాడ్డులు, చక్రములు: రు. 2,500
కొలదిగ ఇనుము: రు. 4,000
మొత్తము: రు. 40,000

ఇందు సగమైనను జీతమునుండి పొదుపు చేసిన సొమ్ముగ నుండుట మంచిది. మిగిలినదానికి అప్పు కావలసియున్న, 2015లో మొదలైన ముద్రా పథకములో 50,000 రూపాయల వఱకు ‘శిశు’ ఋణము కలదు. సంప్రదాయకముగ కమ్మరిపని చేయువారికి 2023లో ప్రారంభమైన విశ్వకర్మ పథకములో పనిముట్లకు 15,000 రూపాయలును, 5 శాతము వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల ఋణమును ఏర్పాటు చేయబడినవి. ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఇది వర్తింపదు. ఏ ఋణము తీసికొన్నను ఒక్క నియమము. సంఘమునుండి పంటకు తెచ్చిన సొమ్మును దుకాణమునకు మళ్లింపరాదు. పంట పోయి, దుకాణమును సాగనియెడల రెండు బాకీలును ఒక్క పొలము మీదనే పడును.

మొత్తము 40,000 రూపాయలును అప్పే యనుకొందము. నూటికి సాలుకు 12 వడ్డీ చొప్పున 24 నెలలలో తీర్చుటకు నెలకు సుమారు 1,900 రూపాయలగును. వారమున ఐదు సాయంకాలములు రెండేసి గంటలు, ఆదివారము ఆఱు గంటలు పనిచేసిన 16 గంటలు. నెలకు 64 గంటలు. కరెంటు పోవుటకును, పని లేకుండుటకును నాలుగవవంతు తీసివేసిన మిగులునవి 48 గంటలు. గంటకు 100 రూపాయల కూలి గిట్టినచో 4,800 రూపాయలు. వాయిదా పోగా 2,900 రూపాయలు మిగులును. ఇది గొప్ప ధనము కాదు. కాని జీతము నంటకుండ రెండేండ్లలో యంత్రము సొంతమగును. జీతము లేనివాడు ఈ 2,900 రూపాయలతో సంసారము గడుపలేడు. ఉద్యోగము విడువవలదని మేము చెప్పుట యిందుకే.

ధర కట్టు విధము

క్రొత్తవారు నష్టపడునది పనిలో కాదు, ధర చెప్పుటలో. కంటితో చూచి ‘నాలుగువేలియ్యి’ అనుట మానవలెను. ఇనుమును తూకముతో లెక్కించు సూత్రములు సులభములు. గుండ్రని కమ్మి మందమును మి.మీ.లలో తీసికొని, దానిని దానితోనే హెచ్చించి 162తో భాగించిన, మీటరు కమ్మి బరువు కిలోలలో వచ్చును. 12 మి.మీ. కమ్మి మీటరునకు 0.89 కిలో. బద్ద యైనచో వెడల్పును మందముతో హెచ్చించి 0.00785తో హెచ్చింపవలెను. 25 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందముగల బద్ద మీటరునకు 0.98 కిలో.

ఒక గేటునకు 40 కిలోల ఇనుము పట్టుననుకొందము. కిలో 65 చొప్పున 2,600, తఱుగు నూటికి 5 చొప్పున 130, రాడ్డులు, చక్రములు 300, రంగు 250, కరెంటు 80. చేతినుండి పోవు సొమ్ము 3,360. పది గంటల కూలి 1,000. యంత్రపు అరుగుదల 150. మొత్తము 4,510. నూటికి పది లాభము చేర్చిన 4,961. ఎదుటివాడు బేరమాడి 4,000కు దింపెననుకొనుడు. చేతి సొమ్మును అరుగుదలయు పోగా మిగులునది 490 రూపాయలు, గంటకు 49. అంతకంటె ఆ ఆదివారము సొంత పొలములో పనిచేయుట మేలు. ఈ లెక్క కాగితముపై వ్రాసి చూపినయెడల బేరమాడువారిలో సగముమంది ఒప్పుకొందురు. ఒప్పుకొననివారి పని పోయినను నష్టము లేదు.

అరువు విషయము సున్నితమైనది. అడుగువాడు మామయో అన్నయో యగును, కాదనుట కష్టము. పూర్వపు మేర పద్ధతిలో కమ్మరికి కళ్లములో వాటా నిశ్చయముగ నుండెడిది; నేటి అరువునకు అట్టి కట్టుబాటు లేదు. కావున మరమ్మతునకు చేతిసొమ్మే తీసికొనవలెను. గేటునకు ఇనుపఖరీదు ముందుగ పుచ్చుకొనవలెను. పంట వచ్చువఱకు ఆగుమను రైతునకు ఆగినను, పుస్తకములో అతని యెదుటనే వ్రాసి, అరువు మొత్తము ఒక నెల కూలికి మించకుండ చూచుకొనవలెను.

కన్ను, నిప్పు, పొగ

ఈ పనిలో పోగొట్టుకొనిన పిమ్మట తిరిగి రానివి కలవు. వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణములు కంటి పైపొరను కాల్చును. బాధ అప్పటికప్పుడు తెలియదు. ఆఱు మొదలు పండ్రెండు గంటల తరువాత, నడిరాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. 10 లేక 11 నంబరు అద్దముగల ముఖకవచము లేక రాడ్డు ముట్టింపరాదు. నల్లకళ్లజోడు ఇందులకు పనికిరాదు. చూడవచ్చు పిల్లలకు కవచ ముండదు గాన పనిచోటికి మూడువైపుల తెర కట్టవలెను. కన్ను మండినచో బంగాళాదుంప తునుకలు, పాలచుక్కలు మొదలగు చిట్కాలు మాని వైద్యునియొద్దకు పోవలెను.

ఎండిన మన సీమలో నిప్పు రెండవ శత్రువు. రవ్వలు 35 అడుగుల దూరము వఱకు పోగలవు. ఆ దూరములో గడ్డివామి, శనగపొట్టు, చొప్ప ఉండరాదు. పని ముగిసిన తరువాత గంటసేపైనను ఆ చోటును కనిపెట్టియుండవలెను. డీజిలు ట్యాంకు, నూనె పీపా, పురుగుమందు డబ్బా, ఇవి ఖాళీగ కనబడినను అతుకరాదు. లోపలి ఆవిరి మందుగుండువలె పేలును. ఎంత దగ్గఱి చుట్ట మడిగినను ఈ విషయమున మొగమాటము కూడదు.

వెల్డింగు పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో నిర్ణయించినది. జస్తాపూత గొట్టము నతికినప్పుడు వచ్చు తెల్లని పొగ ఆ రాత్రి చలిజ్వరము తెచ్చును. పూతను ముందుగ గీకివేసి, గాలికి ఎదురుగ కాక ప్రక్కగ కూర్చుండి, బయలుచోటనే పని చేయవలెను. చెమటతో తడిసిన తొడుగులతో హోల్డరు పట్టరాదు.

కొలువునకు ద్రోహము చేయరాదు

ప్రభుత్వోద్యోగులు 1964 నాటి ప్రవర్తన నియమావళికి లోబడినవారు. అనుమతి లేక సొంత వ్యాపారము చేయరాదు. ప్రైవేటు కొలువువారు తమ నియామకపత్రమును చదివి చూచుకొనవలెను. కర్మాగారములో వెల్డరుగ పనిచేయువాడు అచ్చటి రాడ్డు ఒక్కటైనను ఇంటికి తేరాదు. ఒక్క రాడ్డుతో మూలధనమగు ఉద్యోగమే పోవును. రాత్రి పాళీ చేసి వచ్చినవాడు నిద్ర లేక గ్రైండరు పట్టరాదు. వారమున ఒక సాయంకాలము దుకాణము మూసి ఇంటివారితో గడుపుటయు లెక్కలోనిదే.

ఉద్యోగము విడువవచ్చునా యని కొంతకాలమునకు తోచును. అప్పుడు పుస్తకము నడుగవలెను. పండ్రెండు నెలల ఆదాయవ్యయములు, పని లేని నెలలతో సహా, అందు వ్రాసియుండవలెను. యంత్రపు బాకీ తీరియుండవలెను. ఆఱు నెలల యింటిఖర్చు నిలువయుండవలెను. సాయంకాలపు గంటలకు పని పట్టక మనుష్యులు తిరిగిపోవుచుండవలెను. ఈ నాలుగును కలిసినచో విడువవచ్చును. కలియనిచో ఉపవృత్తిని ఉపవృత్తిగనే యుంచుకొనుట ఓటమి కాదు. కఱవు సంవత్సరమున పశువుల నమ్మకుండ ఇల్లు నిలిపినచో దాని పని అది చేసినట్లే.

సంఘములును ఇందులకు కొంత సాయపడవచ్చును. రాడ్డులు, చక్రములు మొదలగువానిని ఒక్కసారిగ తెప్పించి సభ్యులకు కొన్న ధరకే ఇయ్యవచ్చును. తొలకరికి ముందు ఒక ఆదివారము సంఘపు ఆవరణలో గ్రామమందలి గొఱ్ఱులు, కల్టివేటర్లు అన్నియు తెప్పించి, ఊరి వెల్డరుచేతను కమ్మరిచేతను బాగుచేయించి, కూలి నప్పటికప్పుడే యిప్పింపవచ్చును. అట్లు చేసిన పనివానికి అరువు బాధ తప్పును. రైతునకు అదను తప్పదు. రాబోవు తొలకరికి ముందు మన సభ్యులు ఈ విషయము నాలోచింతురుగాక.